కొంగుముడి నుంచి పసుపు చీటీ దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యవర్గం వారు అడిగారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను 1972 నుంచి 2008 దాకా గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. నా చేతులు నిత్యం ముట్టుకున్న వస్తువు ఒక్కటే, కాగితం. అందులోనూ అతి చిన్న కాగితం, అంటే పని మరచిపోకుండా పెట్టుకునే గుర్తు చీటీ. దాని చరిత్రను ఎవరూ రాసినట్టు లేదు. అందుకని ఈ ప్రయత్నం. చదివేవారిలో నా తోటి గుమాస్తాలు, సూపరింటెండెంట్లు, టైపిస్టులు ఎందరో ఉంటారు. వారికి కొన్ని సంగతులు పాతవే అనిపిస్తాయి. వారి మనవలకు మాత్రం కొత్తగానే ఉంటాయి.

తాటాకు, కడితం

మరుపుకు విరుగుడు వెతకడం ఆఫీసులతో మొదలు కాలేదు. మన తల్లులు కొంగు చివర ముడి వేసుకొనేవారు. ముడి చేతికి తగలగానే తేవలసిన ఉప్పో, ఇవ్వవలసిన బాకీయో గుర్తుకు వచ్చేది. పాల లెక్క గోడమీద బొగ్గు గీతల్లో ఉండేది. ఆ తర్వాత గోడ కేలండరు వచ్చి, పాలవాడు రాని రోజుకు సున్నా చుట్టడం మొదలైంది.

ఊరి లెక్కలు రాసే కరణం దగ్గర ఈ పని మరింత పద్ధతిగా ఉండేది. భూముల లెక్కలు, శిస్తు వివరాలు తాటాకు మీద గంటంతో గీసేవారు. ఆ కట్టలే కవిలెలు. 19వ శతాబ్దం మొదట్లో కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు మన ఊళ్ళ కైఫీయతులు సేకరించినప్పుడు ఆధారంగా నిలిచినవాటిలో ఈ కవిలెలు ముఖ్యమైనవి. ఆకు మీద ఒకసారి గంటం దిగిందంటే చెరిగేది కాదు.

అయితే రోజువారీ లెక్కకు అంత శాశ్వతం అక్కరలేదు. దానికోసం మన వర్తకులూ, లెక్కలవారూ కడితం వాడేవారు. బట్టకు చింతగింజల అంబలి, బొగ్గుపొడి పట్టించి ఆరబెట్టి, మడతలు పెట్టిన నల్లని పుస్తకం అది. బలపంతో రాసుకొని, పని కాగానే తుడిచి, మళ్ళీ రాసుకోవచ్చు.

పాఠకులు ఈ రెండింటి తేడా గమనించాలని కోరుతున్నాను. చెరగనిది ఒకటి, చెరిపి వాడుకునేది ఒకటి. మన పూర్వులు రెండింటినీ వాడారు, ఒకదాని పని రెండోదానికి అప్పగించలేదు. ఈ వ్యాసంలో రాబోయే కథంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

టాటెన్‌హామ్ గారి రిజిస్టర్లు

విశాఖపట్నం జిల్లా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు పరిపాలనలోనే ఉంది. అందువల్ల మనకు ఆఫీసు పద్ధతి కూడా మద్రాసు నుంచే వచ్చింది. దానికి టాటెన్‌హామ్ పద్ధతి అని పేరు. ఆ పేరుగల ఐ.సి.ఎస్. అధికారి నుంచి వచ్చిన పేరది. డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ అని మనమంతా పరీక్ష కోసం బట్టీపట్టిన పుస్తకానికి మూలం ఆ పద్ధతే.

దాని సారం నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు. వచ్చిన ప్రతి తపాలుకు తేదీ ముద్ర పడాలి. దానికి ఒక నంబరు ఇచ్చి, పంపిణీ రిజిస్టరులో రాసి, ఏ సీటుదో ఆ గుమాస్తాకు అందజేయాలి. ఆ గుమాస్తా తన పర్సనల్ రిజిస్టరులో దాన్ని ఎక్కించాలి. ఎప్పుడు వచ్చింది, ఎవరు పంపారు, విషయమేమిటి, ఎప్పుడు పైకి పంపాడు, ఎవరికి రాశాడు, జవాబు ఎప్పుడు వచ్చింది, చివరికి ఏమైంది అనేవన్నీ అడ్డువరసలో ఉంటాయి. చివరి గడి నిండేదాకా ఆ కాగితం బతికున్నట్టే. సూపరింటెండెంటు నియమిత కాలానికి ఒకసారి రిజిస్టరు తెప్పించుకొని, నిండని గడుల గురించి అడుగుతాడు.

జ్ఞాపకానికి ఇంకా ఎన్నో పుస్తకాలు ఉండేవి. జవాబు రానివారికి ఏ తేదీన మళ్ళీ రాయాలో చెప్పేది రిమైండరు డైరీ. నెలనెలా పంపవలసిన నివేదికలకు పీరియాడికల్ రిజిస్టరు. కోర్టు తీర్పు కోసమో, మరో శాఖ నిర్ణయం కోసమో నెలల తరబడి ఆగవలసిన ఫైళ్ళకు కాల్ బుక్. పని ముగిశాక కూడా ఎన్నాళ్ళు గుర్తుంచుకోవాలో ఒక లెక్క ఉండేది. శాశ్వతంగా ఉంచవలసినది ఆర్.డిస్., పదేళ్ళు ఉంచవలసినది డి.డిస్., కొద్దికాలంతో సరిపోయేది ఎల్.డిస్. ఏది గుర్తుంచుకోవాలో తేల్చడంతో పాటు ఏది ఎప్పుడు మరచిపోవచ్చో కూడా తేల్చిన పద్ధతి అది.

ఇందులో గొప్ప విషయం ఏమిటంటే, ఇది ఏ ఒక్క గుమాస్తా తెలివినీ నమ్ముకోలేదు. ఆ గుమాస్తా బదిలీ కావచ్చు, జబ్బుపడవచ్చు, చనిపోవచ్చు. మర్నాడు ఆ కుర్చీలో కూర్చున్నవాడు రిజిస్టరు తెరిస్తే చాలు, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. జ్ఞాపకం మనిషిది కాకుండా కుర్చీది అయింది.

గుండుసూది, జెండా చీటీ

రిజిస్టరు బీరువా లాంటిది. చేతి కింద ఉండే పనికి చిన్న చీటీ కావలసి వచ్చేది. ఫైలులో అధికారి చూడవలసిన పుటకు ఎ, బి, సి అని అక్షరం రాసిన చీటీ బయటికి కనిపించేలా గుచ్చేవాళ్ళం. దాన్నే ఫ్లాగ్ అంటే జెండా అనేవాళ్ళం. నోటులో 'జెండా ఎ చూడగోరెదను' అని రాస్తే, అధికారి వేలు నేరుగా ఆ పుట మీదికి వెళ్ళేది. ఫైలు పైన అర్జెంటు చీటీ, తక్షణం చీటీ, శాసనసభ ప్రశ్న చీటీ వేర్వేరుగా ఉండేవి. అన్ని ఫైళ్ళకూ అర్జెంటు చీటీ తగిలించే మహానుభావులు ప్రతి సెక్షనులోనూ ఒకరు ఉండేవారు. వారి ఫైళ్ళే అన్నిటికంటే ఆలస్యంగా కదిలేవి.

గుండుసూది గుచ్చడంలోనూ ఒక విద్య ఉంది. మొన కాగితాల మధ్య దాగాలి, లేకుంటే ఫైలు తిప్పే అధికారి వేలికి దిగుతుంది. జిగురుతో అంటిద్దామంటే తుమ్మజిగురు సీసా ఉండేది. అది పట్టుకుంటే వదలదు, లాగితే అడుగు కాగితం చిరుగుతుంది. కనుక తాత్కాలికపు గుర్తుకు సూదే గతి. మన విశాఖ ఉప్పుగాలికి ఆ సూది ఒక్క వానాకాలంలో తుప్పుపట్టేది. కాగితం మీద ఎర్రటి మచ్చ మిగిలి, అక్కడే చిల్లుపడి, చీటీ రాలిపోయేది.

రాలిన ఒక చీటీ కథ

నేను చూసిన ఒక ఉదంతం చెబుతాను. ఆఫీసు పేరు అనవసరం. ఒక అటెండరు సర్వీసులో ఉండగానే చనిపోయాడు. భార్యకు కుటుంబ పింఛను ప్రతిపాదన వెళ్ళింది. పైనుంచి చిన్న ఆక్షేపణతో తిరిగివచ్చింది. సర్వీసు పుస్తకంలో ఒక సెలవు కాలం ధ్రువపరచాలట, అంతే. సీటు గుమాస్తా చీటీ మీద ఆ సంగతి రాసి ఫైలుకు గుచ్చాడు. ఇంతలో అతనికి బదిలీ అయింది. సూది వదులై చీటీ ఎక్కడో రాలిపోయింది. చీటీలేని ఫైలు మామూలు ఫైళ్ళ కట్టలో కలిసిపోయింది.

ఆమె పదిహేను రోజులకొకసారి వచ్చి వరండాలో కూర్చునేది. అడిగేది ఒకటే మాట. "బాబూ, మా కాయితం ఏటయ్యింది?" కొత్తగా వచ్చినవారికి ఏ కాగితమో తెలియదు. ఐదో నెలలో కొత్త సూపరింటెండెంటు పర్సనల్ రిజిస్టర్లన్నీ తెప్పించి, నిండని చివరి గడులన్నిటికీ ఎర్రసిరాతో గీత పెట్టాడు. అందులో ఈ నంబరు ఉంది. అరగంటలో ఫైలు దొరికింది, వారంలో ధ్రువీకరణ వెళ్ళింది. చీటీ మరచిపోయిన సంగతిని రిజిస్టరు మరచిపోలేదు.

అయితే ఆ ఐదు నెలలూ ఆ ఇల్లు ఎలా గడిచిందో ఏ రిజిస్టరులోనూ గడి లేదు. ఆఫీసులో మరుపు అంటే బల్ల ఇవతల చిన్న సంగతి, అవతల ఒక ఇంటి పొయ్యి. కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు నేను మొదట ఈ సంగతే చెప్పేవాణ్ణి.

కంచరపాలెం కార్డులు, రైల్వే కాలర్లు

మా కంచరపాలెంలోనే దీనికి మరో పెద్ద ఉదాహరణ ఉంది. అది ఉపాధి కల్పనా కార్యాలయం, అంటే మన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి. 1959లో ఖాళీలను తప్పనిసరిగా తెలియజేయాలనే చట్టం వచ్చాక ఈ కార్యాలయాల ప్రాముఖ్యం పెరిగింది. పేరు నమోదు చేసుకున్న ప్రతి యువకుడికీ లోపల ఒక కార్డు, చేతిలో ఒక కార్డు. లోపలి కార్డు అతని చదువు, పని, నమోదు తేదీ ప్రకారం వరసలో నిలబడి ఉండేది. ఖాళీ వస్తే ఆ వరసలోంచి పేర్లు తీసేవారు. గడువులోగా రెన్యువల్ చేయించుకోకపోతే కార్డు లైవ్ రిజిస్టరులోంచి బయటికి పోయేది. దాంతో ఏళ్ళ తరబడి కాచుకున్న సీనియారిటీ కూడా పోయేది.

1970ల్లో, 80ల్లో పాలిటెక్నిక్‌లో, ఐ.టి.ఐ.లో చదివి బయటికి వచ్చిన మా వాడ కుర్రవాళ్ళ ఇళ్ళల్లో రెన్యువల్ తేదీ తలుపు వెనక సుద్దతో రాసి ఉండేది. షిప్‌యార్డు, పోర్టు, రిఫైనరీ, ఆ తర్వాత ఉక్కు కర్మాగారం, అన్నిటి ఆశా ఆ ఒక్క తేదీ మీద వేలాడేది. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసితుల చేతిలో ఆర్-కార్డు ఉండేది. అది ప్రభుత్వం తన మాట తాను మరవకుండా ప్రజల చేతికి ఇచ్చిన చీటీ. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతోనే సరిపెట్టక పత్రికల్లోనూ ప్రకటించి అర్హులందరినీ పరిగణించాలని చెప్పింది. అప్పటినుంచి ఆ కార్డుకు మునుపటి బరువు తగ్గింది.

మా చుట్టుపక్కల రైల్వే కుటుంబాలు ఎక్కువ. వారి దగ్గర విన్న సంగతి ఒకటి ఈ చరిత్రలో తప్పక చేరాలి. పాత క్యాబిన్లలో సిగ్నళ్ళను, పాయింట్లను ఇనుప మీటలతో లాగేవారు. స్టేషనులో ఒక లైను మీద బండి నిలిచి ఉంటే, ఆ లైనుకు సంబంధించిన మీటకు ఒక కాలరు తొడగాలని నియమం. అది మీటకు తొడిగే గుర్తు కట్టు. పని ఒత్తిడిలో మనిషి మరచిపోయి చెయ్యి వేసినా, ముందు చేతికి కాలరు తగులుతుంది. దాన్ని తీయాలంటే ఎందుకు తొడిగామో గుర్తు రావలసిందే. మీటలు పోయి బొత్తాల ప్యానెళ్ళు వచ్చాక కూడా ఈ కాలరు పోలేదు. బొత్తాం మీద పెట్టే చిన్న మూతగా మారింది. గుర్తు అనేది కంటికి కనబడితే చాలదు, చేతికి అడ్డు తగలాలి అనే సత్యం ఇందులో ఉంది. కొంగుముడి చేసిందీ అదే కదా.

పట్టీపట్టని జిగురు

ఇక పసుపు చీటీ కథ. అమెరికాలో త్రీఎం అనే కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1968లో గట్టి జిగురు తయారుచేయబోయాడు. వచ్చింది మాత్రం బలహీనమైన జిగురు. అది సూక్ష్మమైన గోళీల్లా ఉండి, కాగితాన్ని కొద్ది చోట్లే తాకుతుంది. అందుకే అంటుకుంటుంది, లాగితే చిరగకుండా వస్తుంది, మళ్ళీ అంటుకుంటుంది. దానితో ఏం చేయాలో ఏళ్ళ తరబడి ఎవరికీ తోచలేదు.

అదే కంపెనీలో ఆర్థర్ ఫ్రై అనే ఆయన చర్చి బృందంలో పాడేవాడు. పాటల పుస్తకంలో గుర్తు కోసం పెట్టుకున్న చీటీలు రాలిపోతుండేవి. 1974లో ఆయనకు సిల్వర్ జిగురు గుర్తుకు వచ్చింది. అక్కడ పాటల పుస్తకంలో, ఇక్కడ మన ఫైలులో, బాధ ఒకటేనన్నమాట. పసుపు రంగు కూడా ఎవరూ ఆలోచించి పెట్టినది కాదు, పక్క ప్రయోగశాలలో మిగిలిన కాగితం ఆ రంగుది. 1977లో నాలుగు నగరాల్లో అమ్మి చూస్తే జనం పట్టించుకోలేదు. మరుసటి ఏడు బోయిసీ అనే ఊళ్ళో ఆఫీసులకు ఉచితంగా పంచితే, వాడినవారిలో నూటికి తొంభైమందికి పైగా కొంటామన్నారు. 1980లో అమెరికా అంతటా పోస్ట్-ఇట్ పేరుతో అమ్మకానికి వచ్చింది.

నేను వాటిని మొదటిసారి చూసింది 1990ల్లో, ఒక అధికారి బల్ల మీద. మా సెక్షనులో అందరం ఒక్కొక్కటి తీసి, అంటించి, ఊడదీసి, మళ్ళీ అంటించి చిన్నపిల్లల్లా ముచ్చటపడ్డాం. గుండుసూదికి సెలవు వచ్చిందనుకున్నాం.

పసుపు చీటీ తెచ్చిన చిక్కు

వచ్చిన సౌకర్యం వెంట ఒక చిక్కు కూడా వచ్చింది. ఫైలు మీద రాసింది శాశ్వతం, చీటీ మీద రాసింది ఊడదీస్తే మాయం. కొందరు అధికారులు ఆదేశాన్ని నోటు ఫైలులో రాయకుండా, 'ఇలా ప్రతిపాదించండి' అని చీటీ మీద రాసి అంటించి పంపడం మొదలుపెట్టారు. గుమాస్తా ఆ ప్రకారం నోటు పెట్టగానే చీటీ ఊడిపోతుంది. రేపు ఆడిట్ వచ్చినా, విచారణ వచ్చినా, ప్రతిపాదన గుమాస్తాది, ఆదేశించినవారి జాడ లేదు. ఇందువల్ల ఇబ్బందిపడ్డ చిన్న ఉద్యోగులను నేను ఎరుగుదును. పాత హెడ్ గుమాస్తాలు దీనికి మర్యాదైన మందు ఒకటి కనిపెట్టారు. నోటు మొదటి వాక్యంలోనే 'అధికారివారి మౌఖిక ఆదేశాల మేరకు' అని రాసి, తేదీ వేసేవారు. చీటీ పోయినా మాట నిలిచేది.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక ఫైలు నోట్‌లు కూడా పౌరుడు అడగదగిన సమాచారమేనని కేంద్ర సమాచార కమిషన్ చెప్పింది. అప్పుడు అందరికీ అర్థమైంది, నోటులో ఉన్నదాన్నే పౌరుడు అడగగలడని, చెత్తబుట్టలోకి పోయిన చీటీని అడగలేడని.

చూడండి, కంప్యూటరు మీద ఫైళ్ళు నడిపే ఈ-ఆఫీసులో ఈ భేదాన్నే రంగులతో పెట్టారు. పసుపు నోటు ముసాయిదా, దాన్ని మార్చవచ్చు, తీసేయవచ్చు. ఆకుపచ్చ నోటు ఒకసారి ఖాయం చేస్తే మార్చడానికి లేదు. కడితం, తాటాకు మళ్ళీ వచ్చాయి, తెరమీద.

మన ఇళ్ళలో

ఉద్యోగం నుంచి దిగాం గానీ, కాగితాల నుంచి దిగలేదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదని, హక్కు అని చెప్పింది. ఆ రోజునే మనం పెన్షనర్ల దినంగా జరుపుకొంటున్నాం. అయితే ఎంత హక్కయినా, ఏడాదికొకసారి మనం బతికే ఉన్నామని ధ్రువీకరించకపోతే ఆగిపోతుంది. కేంద్ర పెన్షనర్లకు అది నవంబరు, మిగతావారికి ట్రెజరీ వారు ప్రకటించిన గడువు. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ వల్ల ఇప్పుడు వేలిముద్రతోనో, ముఖం చూపించో ఆ పని చేయవచ్చు. పని తేలికైంది. గడువు గుర్తుంచుకోవలసింది మాత్రం ఇప్పటికీ మనమే.

నా అనుభవంలో పనికివచ్చిన కొన్ని సంగతులు సవినయంగా మనవి చేస్తాను.

చీటీ రాస్తే ఒక చీటీకి ఒక్క పనే రాయండి, తేదీ వేయండి. పని కాగానే చించేయండి. అయిపోయిన చీటీలు గోడ నిండా ఉంటే కొత్తది కంటికి ఆనదు, అన్ని ఫైళ్ళకూ అర్జెంటు చీటీ తగిలించినట్టే.

చీటీని పని జరిగేచోట పెట్టండి. రాత్రి మాత్ర సంగతి మంచినీళ్ళ చెంబు దగ్గర, బ్యాంకు సంగతి చెప్పుల స్టాండు మీద. చేతికి అడ్డు తగలాలి.

పింఛను పుస్తకం, భూమి దస్తావేజులు, సర్వీసు పత్రాలు, పాత ఫోటోల మీద మాత్రం ఈ చీటీలు అంటించవద్దు. ఊడదీసినా కంటికి కనబడని జిగురు మిగిలిపోతుంది. అది దుమ్మును పట్టి కాగితాన్ని పాడుచేస్తుంది. పాత పత్రాలు భద్రపరిచేవారు ఈ సంగతి గట్టిగా చెబుతారు. కవరులో పెట్టి, కవరు మీద రాయండి.

అన్నిటికంటే ముఖ్యం, చీటీల వెనక ఒక పుస్తకం ఉండాలి. రెండు వందల పేజీల మామూలు నోటు పుస్తకం చాలు. పింఛను పత్రం నంబరు, బ్యాంకు ఖాతా, డిపాజిట్లు ఎప్పుడు ముగుస్తాయి, నామినీ ఎవరు, ఏ కాగితం ఏ పెట్టెలో ఉంది, ఇవన్నీ అందులో మీ చేతిరాతతో ఉండాలి. ఒక్క రహస్య సంఖ్యలు మాత్రం రాయవద్దు. ఏటా ఒకసారి ఇంటావిడ ఎదుటో, పిల్లల ఎదుటో కూర్చొని ఆ పుస్తకం తిరగేయండి, సూపరింటెండెంటు పర్సనల్ రిజిస్టరు తిరగేసినట్టు.

మన ఇళ్ళలో చాలాచోట్ల ఈ సంగతులన్నీ మగవాడి తలలోనే ఉంటాయి. ఆ తల ఒకరోజు ఉండదు. అప్పుడు కుటుంబ పింఛను కోసం తిరగవలసిన ఆడకూతురికి మనం మిగల్చగలిగిన ఆస్తి ఆ నోటు పుస్తకమే. వరండాలో కూర్చొని 'మా కాయితం ఏటయ్యింది' అని అడిగే అవసరం మన ఇంటివాళ్ళకు రాకూడదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చేవాడికి అర్థమయ్యేలా రిజిస్టరు రాశాం. ఆ పనే ఇంట్లోనూ ఒకసారి చేద్దాం. ఈ సంచిక చదివి పక్కన పెట్టేలోపు మొదటి పుట రాస్తే, ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే.